వేట సంఘాల జమాఖర్చులు

ఏ సంఘం చరిత్ర తెలుసుకోవాలన్నా రెండు పుస్తకాలు చూడాలి. ఒకటి తీర్మానాల పుస్తకం, రెండవది జమాఖర్చుల పుస్తకం. సంఘం ఏమి చెయ్యాలనుకున్నదో మొదటిదానిలో ఉంటుంది. నిజంగా ఏమి చేసిందో రెండవదానిలో ఉంటుంది. జీవితమంతా బిల్లులు, వోచర్లు, రిజిస్టర్ల మధ్య గడిపిన మన పెన్షనరు మిత్రులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ప్రత్యేక సంచికలో వేట సంఘాల గురించి వ్యాసమేమిటని పాఠకులు అనుకోవచ్చు. మనది టేకుమట్ల ప్రాంతం. ఊరి పేరులోనే టేకు ఉంది. ఒక పక్క మానేరు, ఇంకొంచెం ముందుకు పోతే మహాదేవపురం అడవులు, తూర్పున ములుగు, ఏటూరునాగారం, దక్షిణాన పాఖాల. ఈ అడవులన్నీ ఒకప్పుడు వేటకు పేరుపొందినవి. ఆ వేటకు డబ్బు ఎవరు పెట్టారు, ఎవరి చెమట ఖర్చయింది, చివరకు ఏమి మిగిలింది అన్నది మన ప్రాంత చరిత్రలో ఒక భాగం. అంతేకాక, లాభాపేక్ష లేని ఒక చిన్న సంఘం ఎట్లా బతుకుతుంది, ఎట్లా చితికిపోతుంది అన్న ప్రశ్నకు వేట సంఘాల కథ మంచి ఉదాహరణ. ఆ ప్రశ్న మన సంఘానికి కూడా వర్తిస్తుంది.

లెక్క రాయని వేట

మన పల్లెల్లో, గూడేల్లో వేటకు సంఘం లేదు, చందా లేదు. ఉన్నది పంపకమే. కోయలు భూమి పండుగకు మగవాళ్లంతా కలిసి వేటకు పోవడం, దొరికినదాన్ని గూడెంలో పంచుకోవడం తరతరాల ఆచారం. అక్కడ ఎవరికెంత అన్నది కట్టుబాటు నిర్ణయిస్తుంది. కాగితం అవసరం రాలేదు.

దొరల వేట, సర్కారు వేట వేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులుల వేటలో దిట్ట అని ప్రసిద్ధి. ఆయన కాలంలో పాఖాల ప్రాంతం పేరుపొందిన వేటస్థలం. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ హైదరాబాదు వచ్చాడు. మార్చి చివర నిజాముతో బేరారు విషయం మాట్లాడాడు. ఏడాదికి 25 లక్షల రూపాయలకు బేరారును శాశ్వతంగా కౌలుకు అప్పగించే ఒప్పందం ఆ ఏడే కుదిరింది. ఆ పర్యటనలోనే కర్జన్ దంపతులు వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర పులివేటకు వెళ్లారు. చచ్చిన పులి పక్కన వాళ్లు నిలబడి దిగిన ఫొటో రాజా దీన్‌దయాళ్ స్టూడియో వారిది. ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది.

ఆ ఫొటోలో కనిపించనివాళ్లు చాలామంది. ఇట్లాంటి వేట జరగాలంటే మంచెలు కట్టాలి, ఎరగా దున్నపోతులను కట్టెయ్యాలి, గుడారాలు మొయ్యాలి, నీళ్లు, కట్టెలు, కోళ్లు, పాలు సమకూర్చాలి. అన్నింటికీ మించి పదులకొద్దీ, కొన్నిచోట్ల వందలకొద్దీ జనం అడవిలో వరుసకట్టి డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ మృగాన్ని తుపాకి వైపు తోలాలి. గాయపడిన పులి తిరగబడితే ముందు దొరికేది వీళ్లే. తెలంగాణలో అధికారులకు, దొరలకు జరిగిన ఈ సేవ చాలావరకు వెట్టి. 1921లో హైదరాబాదులో ఆంధ్ర జనసంఘం పుట్టినప్పుడు చేపట్టిన మొదటి సమస్యల్లో వెట్టి ఒకటి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగింది. ఆ సభల ఉద్యమంలో కూడా వెట్టి రద్దు ముఖ్యమైన కోరిక. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నేరంగా ప్రకటించింది.

లెక్కల భాషలో చెప్పాలంటే, ఆ వేటలో ఖర్చు ఉంది కాని పద్దు లేదు. పల్లెజనం ఇచ్చిన కూలి ఏ పుస్తకంలోనూ పడలేదు. పద్దు లేనిచోట జవాబుదారీ ఉండదు. ఎన్ని జంతువులు చచ్చాయి, ఇంకెన్ని మిగిలాయి అని అడిగేవాడు లేడు.

నీలగిరిలో పుట్టిన సంఘం

అదే కాలంలో దక్షిణాదిన ఇంకొకచోట వేరే పద్ధతి మొదలయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేవి. అదే రాజధానిలోని నీలగిరి కొండల్లో 1877లో వేటగాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు. వేట జంతువులను, చేపలను కాపాడటం దాని ఉద్దేశం. సభ్యులు ఎక్కువగా తోటల యజమానులు, సైనికాధికారులు, సివిల్ ఉద్యోగులు. వాళ్లు దయామయులై ఈ పని చెయ్యలేదు. ఊటీకి బండ్లబాట పడిన తరువాత తుపాకులు పెరిగాయి. కణుజులు, నీలగిరి కొండమేకలు కళ్లముందే తగ్గిపోతున్నాయి. ఇట్లాగే పోతే వచ్చే ఏడు వేటకు ఏమీ ఉండదన్న భయమే సంఘానికి పునాది.

1879లో మద్రాసు ప్రభుత్వం నీలగిరి వేటజంతువుల, చేపల పరిరక్షణ చట్టం చేసింది. దాని కింద వచ్చిన నిబంధనల వల్ల ఏడాదిలో కొన్ని నెలలు వేట మూతపడింది. ఆడ జంతువులను కొట్టడం నిషిద్ధమయింది. వేటకు లైసెన్సు తప్పనిసరి అయింది. దేశంలో వేటమీద ఇట్లాంటి కట్టుబాట్లు పెట్టిన తొలి చట్టాల్లో ఇది ఒకటి.

సంఘం జమా వైపు ముఖ్యంగా రెండే పద్దులు. ఒకటి సభ్యుల చందా, రెండవది లైసెన్సుల రుసుము. ఖర్చు వైపు మొదటి పద్దు అడవి తిరిగే వాచర్ల జీతం. లైసెన్సు పుస్తకం ఊటీలో ఉంటే చాలదు. కొండలో మనిషి తిరగాలి, తుపాకి చప్పుడు విని పరుగెత్తాలి, దొంగవేట పట్టుకోవాలి. రెండవ పద్దు చేపలు. నీలగిరి ఏళ్లలో, చెరువుల్లో ట్రౌట్ చేపను పెంచాలని 1860ల నుంచీ ప్రయత్నాలు జరిగాయి. 1907 ప్రాంతంలో అవలాంచి దగ్గర పిల్లచేపల కేంద్రం పెట్టిన తరువాతే అది నిలదొక్కుకున్నది. దానితో గాలపు చేపల లైసెన్సు కూడా ఒక ఆదాయమయింది.

మూడవ పద్దు ఈనాడు చదివితే ఆశ్చర్యం కలిగిస్తుంది. అది రేసుకుక్కలను చంపినవారికి ఇచ్చే బహుమానం. కణుజును రేసుకుక్క తింటే వేటగాడికి తగ్గిపోతుందన్నది ఆనాటి లెక్క. అందుకని దాన్ని శత్రువుగా జమకట్టి, చంపినందుకు డబ్బిచ్చేవారు. బ్రిటిషు కాలంలో దేశమంతటా ఈ పద్ధతి ఉండేది. ఇప్పుడు అదే రేసుకుక్క ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో ఉంది. సంఘం డబ్బు సద్వినియోగమయిందా లేదా అన్నది ఆ ఏటి ఆడిటరు చెప్పలేడు. కొన్ని పద్దుల తప్పొప్పులు తేలడానికి యాభై ఏళ్లు పడుతుంది.

ఇంకొక సంగతి కూడా దాచకూడదు. ఈ కట్టుబాట్ల వల్ల జంతువులు మిగిలిన మాట నిజం. కాని లైసెన్సు రుసుము కట్టగలిగినవాడికే వేట క్రీడ అయింది. కట్టలేనివాడికి అదే వేట నేరమయింది. తరతరాలుగా ఆ అడవిలో బతికిన కురుంబలు, తదితర గిరిజనులు సభ్యుల జాబితాలో లేరు. సంఘం లాభాపేక్ష లేనిదే. అయినా దాని ప్రయోజనం అందరికీ సమానంగా అందలేదు.

మున్నార్ కొండల్లో కావలి

కేరళలోని మున్నార్ వైపు ఇంకొక సంఘం ఉంది. అక్కడ కన్నన్ దేవన్ కంపెనీ తేయాకు తోటలు. 1890ల నుంచే ఎరవికుళం గడ్డికొండలను తోటల దొరలు తమ వేటస్థలంగా కట్టడి చేసుకున్నారు. 1928లో హైరేంజ్ వేటజంతువుల పరిరక్షణ సంఘం ఏర్పడి, 1971లో కేరళ ప్రభుత్వం ఆ భూములను స్వాధీనం చేసుకునేదాకా ఆ కొండల బాగోగులు చూసింది.

ఈ సంఘం చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆ కొండల్లో బతికే ముదువన్ గిరిజనులనే కావలికి పెట్టుకోవడం. ఏ కాలంలో మంద ఎక్కడ మేస్తుందో, ఏ లోయనుంచి దొంగవేటగాడు వస్తాడో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నీలగిరి సంఘం బయట ఉంచినవారిలాంటివాళ్లే ఇక్కడ సంఘానికి కళ్లూ కాళ్లూ అయ్యారు. చిన్న సంఘం చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు స్థలం తెలిసిన మనిషి జీతానికి పోతే ఎంత పని జరుగుతుందో దీని వల్ల తెలుస్తుంది. 1975లో ఎరవికుళం అభయారణ్యమయింది, 1978లో జాతీయవనమయింది. ప్రపంచంలో నీలగిరి కొండమేకలు అన్నిటికంటే ఎక్కువగా మిగిలినచోటు అదే.

ఆదాయం ఆగిన రోజు

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత వేట స్వరూపమే మారిపోయింది. జీపులు వచ్చాయి, రాత్రిపూట కళ్లు మిరుమిట్లు గొలిపే లైట్లు వచ్చాయి, పంట కాపాడుకోవడానికని ఇచ్చిన తుపాకులు అడవిలోకి పోయాయి. మన దగ్గర హైదరాబాదు రాష్ట్రం ఉన్న కాలంలోనే, 1952–53 ప్రాంతంలో, పాఖాల, ఏటూరునాగారం అడవులను అభయారణ్యాలుగా ప్రకటించారు. అయినా పులులు తగ్గుతూనే వచ్చాయి. 1970లో దేశమంతటా పులివేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం చెయ్యమని పార్లమెంటును కోరుతూ తీర్మానం చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1973 ఏప్రిల్ 1న పులుల సంరక్షణ పథకం మొదలయింది.

చాలామంది 1972తోనే వేట పూర్తిగా ఆగిపోయిందనుకుంటారు. అది సరికాదు. ఆ చట్టంలో పెద్ద వేటకు, చిన్న వేటకు లైసెన్సులు ఇచ్చే సెక్షన్లు మొదట్లో ఉండేవి. 1991 సవరణతో వాటిని తీసివేశారు. అంటే వేట సంఘాల లైసెన్సు పద్దు 1972లో సగం ఎండింది, 1991లో పూర్తిగా ఎండిపోయింది.

ఒకే పద్దు మీద బతికే సంఘానికి అది పోతే ఏమవుతుంది? చందాలు మిగులుతాయి. కాని వేట లేనప్పుడు వేటగాడు చందా ఎందుకు కడతాడు? పాత శాశ్వత సభ్యులు ఉంటారు. వాళ్లు కట్టవలసినది ఎప్పుడో కట్టేశారు. ఉదాహరణకు ఒక సంఘంలో శాశ్వత సభ్యత్వం 100 రూపాయలనుకుందాం. ఆ సొమ్ము బ్యాంకులో 5 శాతం వడ్డీకి ఉంటే ఏడాదికి వచ్చేది 5 రూపాయలు. సభ్యత్వం ఇచ్చిన ఏడాది ఆ 5 రూపాయలు వాచరుకు కొన్ని రోజుల కూలి. ముప్పై ఏళ్ల తరువాత ఒక్కపూట టీ ఖర్చుకు చాలవు. సభ్యుడు మాత్రం ఇంకా సభ్యుడే. అసలు కూడా వాడుకుని ఉంటే ఆ 5 రూపాయలు కూడా రావు. సంఘాలు నడిపినవారికి ఈ బాధ తెలుసు.

అయినా నీలగిరి, హైరేంజ్ సంఘాలు రెండూ మూతపడలేదు. కారణం, తుపాకి దించకముందే వాటి పుస్తకంలో వేటకు సంబంధించని పనులు కొన్ని చేరి ఉన్నాయి. నీలగిరి సంఘం తరఫున కూనూరు న్యాయవాది ఇ.ఆర్.సి. డేవిదార్ 1963లోనే కొండమేకలను లెక్కపెట్టారు. ఆయన మొదట వేటగాడే. తరువాత 1975 నుంచి 1978 దాకా పడమటి కనుమలంతా తిరిగి, మొత్తం సుమారు 2,200 కొండమేకలు మిగిలాయని తేల్చారు. ముకుర్తి ప్రాంతం 1982లో అభయారణ్యంగా, 1990లో జాతీయవనంగా మారింది. వేట సంఘమన్న పేరు పోయి వన్యప్రాణి, పర్యావరణ సంఘమన్న పేరు వచ్చింది. పిల్లలకు అడవి చూపించడం, జంతువుల లెక్కలు తియ్యడం, అటవీశాఖకు తోడు నిలవడం ఇప్పుడు వాటి పని.

లైసెన్సు డబ్బు ఎక్కడికి పోవాలి?

మన పిల్లలు, మనుమలు చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడ వేట ఇంకా చట్టబద్ధమే. ఆ దేశం ఈ సమస్యను వేరే విధంగా తేల్చుకుంది. 1934లో బాతులు, తదితర వలసపక్షుల వేటకు ఏడాదికి ఒక డాలరు స్టాంపు పెట్టారు. ఆ డబ్బుతో పక్షులు దిగే చిత్తడి నేలలు కొంటారు. 2015 నుంచి ఆ స్టాంపు 25 డాలర్లు. 1937లో ఇంకొక చట్టం వచ్చింది. దాని ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పోతుంది. దాన్ని పొందాలంటే రాష్ట్రం తన వేట లైసెన్సుల సొమ్మును ఇంకోపనికి మళ్లించకూడదు.

ఇందులో గమనించవలసినది వేట మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఒక పని పేరుతో వచ్చిన సొమ్ము ఆ పనికే పోవాలన్న నియమం. ఆ నియమం ఒక డాలరు స్టాంపును పెద్ద నిధిగా మార్చింది. ఆ దేశంలో కూడా వేటగాళ్ల సంఖ్య తగ్గుతున్నది. కనుక ఒకే పద్దు మీద ఆధారపడిన బాధ వాళ్లకూ తప్పలేదు.

మన అడవుల్లో ఇప్పటి ఖర్చు

మళ్లీ మన ప్రాంతానికి వద్దాం. ఇక్కడ పేరున్న వేట జరిగింది కాని, దాన్ని కట్టడి చేసే సంఘం, వాచరు, లెక్క పాతుకోలేదు. వేట నిషిద్ధమయిన తరువాత వేటకు వ్యతిరేకంగా నిలబడే పాత వేటగాళ్ల సంఘం కూడా మనకు మిగలలేదు. అటవీశాఖ ఒక్కటే మిగిలింది.

ఈలోగా అడవిపందులు పెరిగి మక్క, పల్లి చేలను తొక్కుతున్నాయి. రైతు కష్టం నిజమయినది. దాన్ని తేలిక చెయ్యరాదు. కాని మాంసం కోసమో, పంట కోసమో కొందరు కరెంటు తీగలు పరుస్తున్నారు. తీగకు లైసెన్సు లేదు, చందా లేదు. పెట్టినవాడి జేబులోంచి పోయేది చాలా తక్కువ. అందుకే అది పెరుగుతున్నది. కాని దాని ఖర్చు ఇంకెవరో కడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లా కాటారం మండలం అడవిలో గాలింపుకు పోయిన గ్రేహౌండ్స్ కానిస్టేబులు ఒకరు ఇట్లాంటి తీగ తగిలి చనిపోయారు. తీగకు పందికి, పశువుకు, మనిషికి తేడా తెలియదు. రాత్రిపూట మోటారు వెయ్యడానికి పోయే మన ఇంటి రైతుకూ ఆ ప్రమాదం ఉంది. నెక్కొండ వేటలో డప్పు కొట్టిన మనిషి కూలి ఏ పుస్తకంలోనూ పడనట్లే, ఈ ప్రాణాలు కూడా తీగ పెట్టినవాడి లెక్కలో పడవు.

మన ఊళ్లలో ఉన్న పెన్షనర్లలో చాలామంది ఒకప్పుడు విద్యుత్తు, రెవెన్యూ, అటవీ, పంచాయతీ, విద్యా శాఖల్లో పనిచేసినవారే. తీగ పెట్టడం ఎంత ప్రమాదమో, ఎంత నేరమో వీళ్లు చెబితే ఊరు వింటుంది. పంట నష్టానికి ఎవరికి అర్జీ పెట్టుకోవాలో, అడవిపంది విషయంలో అనుమతి ఎట్లా పొందాలో రైతుకు రాసిపెట్టగలిగేదీ వీళ్లే. దీనికి సంఘానికయ్యే ఖర్చు కొన్ని కాగితాలు.

మన పుస్తకానికి మూడు ప్రశ్నలు

వేట సంఘాల కథ నుంచి ఏ చిన్న సంఘమయినా నేర్చుకోవలసినవి మూడు కనబడుతున్నాయి. సర్వసభ్య సమావేశంలో కోశాధికారిగారు లెక్కలు చదివేటప్పుడు సభ్యులు వీటిని గుర్తుంచుకుంటే మేలు.

మొదటిది, మన ఆదాయంలో ఎంత భాగం ఒకే పద్దు నుంచి వస్తున్నది? ఆ పద్దు రేపు ఆగిపోతే ఎన్ని నెలలు నడుస్తాము? లైసెన్సు పద్దు ఆగిననాడు వేట సంఘాలకు ఎదురయిన ప్రశ్న ఇదే.

రెండవది, శాశ్వత సభ్యత్వపు సొమ్ము విడిగా, కదలకుండా ఉందా, లేక ప్రతి ఏటి ఖర్చులో కలిసిపోతున్నదా? ఆ సొమ్ము ఇప్పటి సభ్యులదే కాదు, ఇరవై ఏళ్ల తరువాత కూడా సంఘం గుమ్మం ఎక్కే వృద్ధుడిది. చందా కట్టిన నాటి రూపాయి విలువ ఈనాడు లేదు గనుక, ఆ నిధికి ఏటా కొంత జతపడుతూ ఉండాలి.

మూడవది, మన కోసం నిజంగా తిరిగే మనిషికి ముందు జీతం అందుతున్నదా? ఎరవికుళంలో కొండమేకలు మిగలడానికి సమావేశ మందిరం ఎంత కారణమో, మంచులో తిరిగిన ముదువన్ వాచరు అంతకంటే పెద్ద కారణం. మన సంఘంలో ఆ పని చేసేది ట్రెజరీకి, బ్యాంకుకు తిరిగి లైఫ్ సర్టిఫికెట్లు, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు దగ్గరుండి చేయించే కార్యకర్త. అతని బస్సు ఛార్జీ ఖర్చుల పట్టికలో చివరి వరుసలో కాక మొదటి వరుసలో ఉండాలి.

ఈ ఏటి జమాఖర్చుల పట్టికను కూడా సభ్యులు చదవాలని, సందేహముంటే సమావేశంలో నిస్సంకోచంగా అడగాలని మనవి.